చెల్లుకు చెల్లు అనే ముందు

2025 జనవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు తన నియోజకవర్గం కుప్పంలోని నడిమూరు అనే పల్లెలో, ఇంటి కప్పుల మీద సోలార్ పలకలు పెట్టే పథకం మొదలుపెట్టారు. కుప్పాన్ని దేశంలోనే మొదటి ‘నెట్ జీరో’ నియోజకవర్గం చేస్తామన్నారు. సాంకేతిక సాయానికి కాన్పూరు ఐఐటీ వచ్చింది. అదే ఏడాది తిరుపతి జిల్లాలో ఆయన పుట్టిన నారావారిపల్లెలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ కలిపి సుమారు 1,600 ఇళ్ళ మీదికి పలకలు ఎక్కాయి. అటు తెలంగాణలో రేవంత్ రెడ్డి సొంతూరు కొండారెడ్డిపల్లె కూడా 2025లోనే సౌరగ్రామం అనిపించుకుంది.

ఎండ అన్ని ఊళ్ళ మీదా ఒకేలా కాస్తుంది. పలకలు మాత్రం ముందుగా ముఖ్యమంత్రుల ఊళ్ళకి వెళ్ళాయి. దీన్ని ఎగతాళి చెయ్యడానికి చెప్పడం లేదు. ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి గదా, పెద్దాయన ఊరైతే ఫైలు కాస్త తొందరగా కదులుతుంది. నా ప్రశ్న వేరే. ఏ ముఖ్యమంత్రి సొంతూరూ కాని, ఎవరి ప్రయోగశాలా కాని మా నాయుడుపేట లాంటి ఊరి మున్సిపాలిటీ ఈ సున్నా వైపు ఎట్లా నడవాలి? అసలు నడవాల్సిన బాధ్యత దానికుందా? ఉంటే ఎంతవరకు?

నేను ముప్పయ్యేళ్ళు కాలేజీలో కామర్స్ పాఠాలు చెప్పినవాణ్ణి. ‘నెట్’ అనే మాట వినబడితే చెవులు రిక్కించడం అలవాటైపోయింది. నెట్ అంటే నికరం. అన్ని కూడికలూ తీసివేతలూ అయ్యాక మిగిలేది. నెట్ జీరో అంటే మనం గాల్లోకి వదిలే కార్బనూ, చెట్లూ నేలా ఇతర ఉపాయాలూ వెనక్కి తీసుకునే కార్బనూ సరిసమానమై తేడా సున్నా కావడం. 2070 కల్లా అక్కడికి చేరతానని భారతదేశం 2021 నవంబరులో గ్లాస్గో సదస్సులో మాటిచ్చింది. ఇంత బరువైన మాటకి మన బజారు భాషలో తేలికైన పేరొకటి ఎప్పట్నుంచో ఉంది: చెల్లుకు చెల్లు.

అయితే లెక్కల పుస్తకాల్లో చెల్లుకు చెల్లు అనడానికి ఒక హద్దుంది. రాబడుల్నీ అప్పుల్నీ ఇష్టమొచ్చినట్టు ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి ఒకే అంకెగా చూపకూడదని పిల్లలకి మొదటి ఏడాదే చెప్తాం. పది లక్షలు వసూలు కావాల్సినవాడు, పది లక్షలు బాకీ పడ్డవాడు తన పట్టీలో ‘ఏమీ లేదు’ అని రాసుకుంటే కూడిక తప్పు కాదు గానీ పట్టీ తప్పు. చదివేవాడికి కావల్సింది తేడా ఒక్కటే కాదు. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి దగ్గర్నుంచి ఎంత రావాలి అన్నది కూడా కావాలి. నికరం అబద్ధం చెప్పదు, మనుషుల్ని మాత్రం దాచేస్తుంది.

ఊరి స్థాయిలో నెట్ జీరో గురించి ఆలోచించేకొద్దీ నాకు ఈ దాపరికమే అసలు నైతిక సమస్యగా కనబడుతోంది. మున్సిపాలిటీకి మిగతా ప్రభుత్వాలకి లేని ఒక వసతి ఉంది. అది మనుషులకి దగ్గర్లో ఉంటుంది. దేశం నికరం చూస్తే చూడనీ, ఊరు మాత్రం స్థూలం చూడగలదు. ఎవరు కాల్చారు, ఎవరు డబ్బు కట్టారు, ఎవరు చేత్తో ఎత్తారు అని విడివిడిగా రాసి పెట్టగలదు. దాని బాధ్యత అక్కడ మొదలవుతుందని నా వాదన.

*

ముందు హద్దుల గొడవ చూద్దాం. నాయుడుపేట స్వర్ణముఖి ఒడ్డున ఉంది. చెన్నై నుంచి కలకత్తా పోయే జాతీయ రహదారి, రైలు దారి రెండూ మమ్మల్ని ఒరుసుకునే పోతాయి. తిరుపతి రోడ్డు ఇక్కడే విడిపోతుంది. రాత్రింబగళ్ళు పోయే ఆ లారీల పొగ ఎవరి ఖాతా? సరుకు మాది కాదు, లారీ మాది కాదు, రోడ్డు కేంద్రానిది. పీల్చేది మాత్రం మేమే.

మా ఇళ్ళల్లో వెలిగే కరెంటు తీసుకోండి. రాష్ట్ర గ్రిడ్డుకి కరెంటు పోసే పెద్ద కేంద్రాల్లో ఒకటి నేలటూరు దగ్గరి కృష్ణపట్నం థర్మల్ కేంద్రం, దామోదరం సంజీవయ్య గారి పేరు పెట్టింది. మూడు యూనిట్లు, ఒక్కొక్కటి 800 మెగావాట్లు. బొగ్గు అక్కడ కాలుతుంది, ఫ్యాను ఇక్కడ తిరుగుతుంది. పొగ నేలటూరు లెక్కలో రాయాలా, మా లెక్కలోనా? నగరాల ఉద్గారాలు లెక్కగట్టే అంతర్జాతీయ పద్ధతి ఒకటుంది. ఊరి హద్దులో కాల్చింది ఒక రకం, బయట కాలి తీగలో వచ్చిన కరెంటు రెండో రకం, బయట తయారై మనం వాడుకునే సరుకుల వెనకాల ఉన్నది మూడో రకం అని అది విడదీస్తుంది. ఆ పద్ధతి ప్రకారం ఫ్యాను తిప్పుకున్నవాడు కూడా బాకీదారే.

ఇంకో చిక్కు. మా దగ్గరి పారిశ్రామిక పార్కులో ప్రీమియర్ ఎనర్జీస్ అనే కంపెనీ సోలార్ సెల్స్ కర్మాగారం తలపెట్టింది. ఆ సెల్స్ ఏ రాజస్థాన్‌లోనో ఎండకి మెరుస్తాయి. పుణ్యం వాళ్ళ ఖాతాలో పడుతుంది. తయారీకి ఖర్చయ్యే నీళ్ళూ కరెంటూ ఇక్కడి ఖాతాలో పడతాయి. ఊరి చుట్టూ నీళ్ళు నిలబెట్టిన వరి మళ్ళలోంచి మీథేన్ లేస్తుంది, బియ్యం మాత్రం లోకమంతా తింటుంది.

2022 ఏప్రిల్ 4 దాకా మేం నెల్లూరు జిల్లా వాళ్ళం. ఆ రోజు నుంచి తిరుపతి జిల్లా వాళ్ళమయ్యాం. జిల్లాల వారీగా కార్బన్ ఖాతా ఎవరైనా రాసుంటే ఆ ఒక్క రాత్రిలో మా పొగంతా నెల్లూరు పుస్తకంలోంచి తిరుపతి పుస్తకంలోకి మారిపోయుండేది. గాలికి ఆ సంగతి తెలీదు. హద్దులు మనుషులు గీసుకున్నవి గనక ‘అది మా పరిధిలోది కాదు’ అనే మాట ఆఫీసు జవాబు మాత్రమే అవుతుంది. నీతి ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

*

మా వీధిలో ఒకాయన మేడ మీద మూడు కిలోవాట్ల పలకలు పెట్టించుకున్నాడు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయలు సబ్సిడీ వచ్చింది. మొదటి బిల్లు చూపించి మురిసిపోయాడు: “చూడండి సార్, ఏవో చిల్లర చార్జీలు తప్ప సున్నా! ఇంక ఏసీ కట్టేసే పనే లేదు.”

ఆ మురిపెం నాకూ నచ్చింది. మూడు కిలోవాట్ల పలక మా ఎండకి సగటున రోజుకి డజను యూనిట్లిస్తుంది. మన దేశపు గ్రిడ్డులో ఒక యూనిట్ కరెంటు వెనకాల సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అంటే ఆ మేడ రోజుకి ఎనిమిది కిలోల పైచిలుకు పొగ ఆపుతోంది. చిన్న పనేం కాదు.

అయితే ఆ సున్నా ఎట్లా వచ్చిందో చూడండి. ఆయన పగలు గ్రిడ్డులోకి కరెంటు పోస్తాడు, రాత్రి గ్రిడ్డులోంచి తోడుకుంటాడు. నెట్ మీటరు రెండింటినీ చెల్లుకు చెల్లు కొడుతుంది. రాత్రి పది గంటలకి ఆయన ఏసీకి వచ్చే కరెంటులో ఎక్కువ భాగం ఎక్కడో మండుతున్న బొగ్గుదే. బిల్లులో సున్నా పడితే ఆకాశంలోనూ సున్నా పడినట్టు కాదు. ‘ఇంక ఏసీ కట్టేసే పనే లేదు’ అన్న మాటలో నికరం అనే భావన మనిషి మనసుని ఏం చేస్తుందో ఉంది. పాప పరిహారం అయిపోయిందన్న ధీమా అది. తిరుపతి జిల్లా వాళ్ళం, హుండీలో వేసేసి దిగివచ్చేటప్పటి తేలికదనం మాకు ఇంకొకరు చెప్పాలా!

ఆ మేడకి నాలుగు వీధుల అవతల ఒకే గదిలో అద్దెకుంటున్న కుటుంబం ఉంది. ఒక ఫ్యాను, రెండు బల్బులు, ఒక టీవీ. నెలకి యాభై యూనిట్లు కాలిస్తే గొప్ప. కప్పు వాళ్ళది కాదు గనక పలక వాళ్ళకి రాదు. ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకి రెండు కిలోవాట్ల దాకా ఉచితంగా పెట్టే ఏర్పాటు రాష్ట్రంలో ఉంది, బీసీలకి అదనపు సబ్సిడీ ఉంది. మంచిదే. కానీ దానికీ కప్పుండాలి, ఆ కప్పు బరువు మొయ్యాలి. స్వర్ణముఖి గట్టున రేకుల కింద బతికే యానాదుల సంగతి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఈ వార్డుకి నికరం కట్టి, తలసరి తీసి, ‘మా వార్డు సున్నాకి దగ్గర్లో ఉంది’ అని బోర్డు పెట్టామనుకోండి. ఆ సున్నాలో పెద్ద వాటా ఎవరిది? ఏమీ కాల్చనివాళ్ళది. వాళ్ళు కాల్చకపోవడం ప్రకృతి మీద ప్రేమతో కాదు, లేక. వాళ్ళ లేమి ఇంకొకరి ఏసీకి చెల్లు అవుతోంది. వాళ్ళనడిగి కాదు, వాళ్ళకి తెలిసీ కాదు.

ఇది కొత్త వాదనేం కాదు. 1991లో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ అమెరికావాడి కారు పొగనీ మనవాడి వరిచేను మీథేన్‌నీ ఒకే గాటన కట్టడం అన్యాయమని ప్రపంచానికి గట్టిగా చెప్పారు. బతకడానికి వదిలేది వేరు, విలాసానికి వదిలేది వేరు. 1993లో హెన్రీ ష్యూ అనే అమెరికన్ తత్వవేత్త ఇదే తేడా మీద ఒక వ్యాసం రాశాడు. మనకి ఈ వాదన ఇష్టం, ఎందుకంటే దేశాల మధ్య అది మన పక్షాన నిలుస్తుంది. సగటు భారతీయుడు ఏడాదికి వదిలేది రెండు టన్నుల చిల్లర, సగటు అమెరికన్ దానికి ఆరేడు రెట్లు. కానీ అదే కొలబద్ద పట్టుకుని మన ఊరి లోపలికి రావడానికి మాత్రం మనకి మనసొప్పదు. 2007లో గ్రీన్‌పీస్ ఇండియా వాళ్ళు ఒక నివేదికకి ‘పేదల వెనక దాక్కోవడం’ అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. దేశం పేదల వెనక దాక్కోవచ్చునేమో, పేదవాడి పక్కింట్లో ఉండేవాడు ఎట్లా దాక్కుంటాడు?

ఖాతాలో సున్నా రెండు కారణాలుగా పడుతుంది. తీసుకున్నది పూర్తిగా తీర్చేస్తే ఒకటి. అసలు అప్పు పుట్టే అర్హతే లేకపోతే రెండోది. అంకె ఒకటే, మనిషి పరిస్థితి ఒకటి కాదు.

*

‘మనమెంత, మన ఊరెంత? సముద్రంలో కాకిరెట్ట’ అనేవాళ్ళున్నారు. నిజమే, నాయుడుపేట మొత్తం రేపట్నుంచి దీపం వెలిగించకపోయినా భూమి వేడిలో తేడా కనిపెట్టే థర్మామీటరు లేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను మా ప్రాంతాన్ని నీళ్ళలో నానబెట్టినప్పుడు అది మా పొగ లెక్క చూసుకుని రాలేదు. చెయ్యగలిగినదానికే బాధ్యత అన్న పాత సూత్రం ఒకటుంది. చెయ్యలేనిదాన్ని చెయ్యలేదని ఎవర్నీ నిందించలేం. మరి మున్సిపాలిటీ చెయ్యగలిగిందేమిటి?

జవాబు రాజ్యాంగంలో ఉంది. 1992లో వచ్చిన 74వ సవరణ 12వ షెడ్యూల్లో పట్టణ సంస్థలకి అప్పగించదగ్గ పనులు పద్దెనిమిది రాసింది. తాగునీరు, చెత్త, పర్యావరణ రక్షణ, పట్టణాల్లో చెట్లు, వీధిదీపాలు, ఇళ్ళ నిర్మాణ నియమాలు ఉన్నాయి. శ్మశానాల దగ్గర విద్యుత్ దహనవాటికలు కూడా ఉన్నాయి. కరెంటు ఉత్పత్తి లేదు. జాతీయ రహదారి లేదు. పెద్ద పరిశ్రమల మీద అజమాయిషీ లేదు. కరెంటు తిరుపతిలో ఆఫీసున్న పంపిణీ సంస్థ చేతిలో, పారిశ్రామిక పార్కు ఏపీఐఐసీ చేతిలో ఉన్నాయి. అంటే ఊరి పొగలో చాలా భాగం కౌన్సిల్ చెయ్యి చాచినా అందని ఎత్తులో ఉంది. ఇట్లాంటి సంస్థ ‘ఫలానా ఏడాదికల్లా మా ఊరు నెట్ జీరో’ అని ప్రకటిస్తే అది తనది కాని సొమ్ము దానం రాసివ్వడమే.

ఇంగ్లండులో నాటింగ్‌హామ్ కౌన్సిల్ 2028 కల్లా కార్బన్ తటస్థ నగరం కావాలని లక్ష్యం పెట్టుకుంది. అంతకు ముందే, 2015లో, ప్రజలకి చౌకగా ఇంధనం అమ్మడానికి రాబిన్‌హుడ్ ఎనర్జీ అనే సొంత సంస్థ పెట్టింది. మంచి ఉద్దేశమే. అది నష్టాల్లో కూరుకుపోయి 2020లో మూతబడింది. 2023 నవంబరులో, రకరకాల కారణాల వల్ల, బడ్జెట్టు సరితూగడం లేదని కౌన్సిల్ చట్టప్రకారం నోటీసు ఇచ్చుకోవాల్సి వచ్చింది. మనకంటే ఎన్నో రెట్లు డబ్బూ అధికారమూ ఉన్న నగరం సంగతి ఇది. లక్ష్యం పెట్టుకోవడం తప్పని కాదు. ఖజానా ఖాళీ అయితే ముందు కోత పడేది బీదవాళ్ళకి అందే సేవల మీద అని గుర్తుంటే చాలు.

అందినదాన్ని పట్టుకున్న ఉదాహరణలు మనకి దగ్గర్లోనే ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని ఊడ్చేశాక, పడిపోయిన వీధిదీపాల చోట ఎల్ఈడీలు పెట్టారు, ఊరంతా సుమారు తొంభై వేలు. ముడసర్లోవ జలాశయం మీద 2018లో రెండు మెగావాట్ల తేలే సోలార్ కేంద్రం వచ్చింది. కోయంబత్తూరు జిల్లా ఓడందురై పంచాయితీ అయితే 2006లోనే బ్యాంకు అప్పు తెచ్చి 350 కిలోవాట్ల గాలిమర కొనేసింది. తను వాడుకోగా మిగిలిన కరెంటు తమిళనాడు విద్యుత్ బోర్డుకి అమ్మింది. చిన్న పంచాయితీ తన బిల్లు ఏమిటో తను చూసుకుని, దాని మీద పనిచేసింది. ప్రపంచాన్ని కాపాడతానని అనలేదు.

మనలాంటి మున్సిపాలిటీల కరెంటు బిల్లు చూస్తే అందులో పెద్ద పద్దులు నీళ్ళ మోటార్లూ వీధిదీపాలే. పైపు కారితే నీళ్ళతో పాటు బొగ్గు కూడా కారిపోతున్నట్టే. లీకు కట్టడానికి ఐఐటీ అక్కర్లేదు.

*

ఇంకొకటి పూర్తిగా మున్సిపాలిటీ చేతిలో ఉన్నది చెత్త. మన చెత్తలో సగం, అంతకు మించీ, తడిదే. కూరగాయల తొక్కలు, అన్నం, విస్తరాకులు. దాన్ని కుప్ప పోసి గాలి తగలకుండా కుళ్ళబెడితే మీథేన్ పుడుతుంది. ఇరవయ్యేళ్ళ కాలంలో చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు ఎనభై రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. అదే తడి చెత్తని వేరుచేసి ఎరువు చేస్తే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. దీనికి సౌరఫలకాలూ సదస్సులూ అక్కర్లేదు. రెండు డబ్బాలు చాలు అంటారు.

రెండు డబ్బాలు చాలవు. రెండు చేతులు కావాలి. పొద్దున్నే మా వీధికి తోపుడు బండితో వచ్చే ఆమెనడిగాను, జనం వేరు చేసి ఇస్తున్నారామ్మా అని.

“ఎక్కడిస్తారు సార్! తడి పొడి అని చెప్పీ చెప్పీ గొంతు పోతా ఉంది. కవర్లో కట్టి ఇస్తారు. ఇప్పితే అన్నంలో గాజుపెంకులు, పిల్లోళ్ళ డైపర్లు. చేత్తో ఏరాల్సిందే గదా.”

చేతి తొడుగులుంటాయి గదా అన్నాను.

“ఉంటాయి సార్. ఎండాకాలం అవి ఏసుకుంటే చెయ్యి ఉడికిపోతది.”

ఊరి నెట్ జీరోలో అన్నిటికంటే చౌకగా, తొందరగా చెయ్యగలిగిన పని ఈమె వేళ్ళ మీదుగా జరుగుతుంది. నికరం పట్టీలో ఆ వేళ్ళకి గడి లేదు. ‘తప్పించిన మీథేన్ ఇన్ని టన్నులు’ అని ఉంటుంది, ఎవరు తప్పించారో ఉండదు. 2023 డిసెంబరు చివర్లో రాష్ట్రమంతా మున్సిపల్ కార్మికులు జీతాల కోసం సమ్మె చేసినప్పుడు ఊళ్ళు వాసనొచ్చాయి. అప్పుడు కాసేపు వాళ్ళు కనబడ్డారు.

డబ్బు ఎవరు కట్టాలన్న ప్రశ్న కూడా ఇక్కడే తగులుతుంది. 2021 నుంచి పట్టణాల్లో ఇంటింటికీ నెలవారీ చెత్త రుసుము వేశారు. చెత్త పన్ను అని జనం పేరు పెట్టి తిట్టుకున్నారు. 2024 చివర్లో కొత్త ప్రభుత్వం ఎత్తేసింది. నాకు రెండూ సగం సగమే నచ్చాయి. వేరుచేసి ఇచ్చేవాడూ కవర్లో కట్టి పడేసేవాడూ ఒకే రుసుము కట్టడం న్యాయం కాదు. అలాగని ఎవరూ ఏమీ కట్టకపోతే ఆ ఖర్చు మాయమైపోదు. కార్మికుల జీతంలో ఆలస్యంగానో, కొనని తొడుగులుగానో, కుళ్ళే కుప్పగానో మిగులుతుంది. రుసుము ఎత్తేస్తే ఓటరు నికరం సున్నా అవుతుంది. స్థూలంలో ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు.

*

‘పూర్వం మన ఊళ్ళు ఇవన్నీ కలిసి చేసుకునేవి’ అని పెద్దవాళ్ళు అంటుంటారు. మేం మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్నవాళ్ళం. చెరువు కట్ట తెగితే, కాలువ పూడితే ఊరి రైతులంతా పని పంచుకుని బాగుచేసే కట్టుబాటుంది, కుడిమరామత్తు అనేవారు. ఆ కట్టుబాటు సడలుతోందని 1858లో మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టం కూడా తెచ్చింది. చెరువుల ఉమ్మడి సంరక్షణ గురించి ఈరోజు పర్యావరణం మాట్లాడేవాళ్ళు ఎంతో మెచ్చుకుంటారు. మెచ్చుకోదగిందే. కార్బన్ అనే మాట పుట్టకముందే నీటిని, మట్టిని, చెట్టుని ఒక ఊరు తన పద్దు కింద చూసుకుంది.

కానీ ‘ఊరంతా’ అన్న మాట కూడా ఒక నికరమే. మట్టితట్ట ఎవరి నెత్తిన ఉంది, నీళ్ళు ముందు ఎవరి మడికి పారాయి? చాలా ఊళ్ళలో చెరువు నీళ్ళు కాపలా కాసి మడిమడికీ పంచిన నీరుగంటివాళ్ళు దళితులు. వాళ్ళకి చెరువు కింద సొంత మడి ఉంటే ఏ మూలో చివరన. ఉమ్మడి పని పేరుతో ఒకరి చాకిరీ ఇంకొకరి పంటైంది. ఇప్పుడు నెట్ జీరో అనే కొత్త ఉమ్మడి పనికి దిగుతున్నాం. తోపుడు బండి తోసే ఆమెది ఏ పేటో అడగాల్సిన పనిలేదు, అందరికీ తెలుసు. పాత చెరువు నుంచి మంచిని తెచ్చుకుంటూ ఆ చెడ్డని కూడా మోసుకొస్తున్నామా అని ఒకసారి ఆగి చూసుకోవాలి.

కేరళలో వాయనాడు జిల్లా మీనంగాడి పంచాయితీ కార్బన్ తటస్థత వైపు 2016లో బయల్దేరింది. వాళ్ళు ముందు లెక్క కట్టారు. తర్వాత చెట్ల బ్యాంకు అని ఒకటి పెట్టారు. రైతు తన తోటలో పెంచే చెట్టుకి ఏటా యాభై రూపాయల చొప్పున పదేళ్ళు వడ్డీలేని అప్పు వస్తుంది, చెట్టు కొట్టేస్తే తిరిగి కట్టాలి, నిలబెడితే అక్కర్లేదు. యాభై రూపాయలు ఏపాటి అని అడగొచ్చు. అందులోని ఆలోచన నాకు నచ్చింది. చెట్టు పీల్చిన కార్బన్ ‘పంచాయితీది’ అని రాసేసుకోకుండా, ఆ చెట్టుని కొట్టకుండా ఆగిన మనిషి పేరు పద్దులో ఉంది. పుణ్యానికి యజమాని దొరికాడు.

*

మా ఊరి కౌన్సిల్‌కి నేను సలహా చెప్పేంతటివాణ్ణి కాను, ఓటున్నవాణ్ణి మాత్రమే. ఆ హక్కుతో ఒక్క మాట అడుగుతాను. నెట్ జీరో అని గోడల మీద రాయడానికి ముందు ఒక పుస్తకం తెరవండి. ఏటా బడ్జెట్ సమావేశంలో దాన్ని పైకి చదవండి. మూడు గళ్ళు చాలు.

మొదటి గడిలో, మున్సిపాలిటీ స్వయంగా కాల్చింది: మోటార్లు, దీపాలు, బండ్లు, చెత్తకుప్ప. దాని పక్కనే, వార్డులవారీగా కరెంటు వాడకం, పంపిణీ సంస్థనడిగి తెచ్చింది. పేర్లక్కర్లేదు. నెలకి యాభై యూనిట్ల లోపు ఇళ్ళెన్ని, ఐదొందలు దాటినవెన్ని అని తెలిస్తే చాలు. ఐదొందలు దాటే ఇంటి రాత్రి ఏసీని యాభై యూనిట్ల గది సున్నాతో కలిపి సగటు తియ్యొద్దు.

రెండో గడిలో, ఎవరు కట్టారు. సబ్సిడీ ఏ కప్పుల మీదికి వెళ్ళింది, కప్పు లేనివాళ్ళకి బదులుగా ఏం వచ్చింది. ఆఫీసు మేడ మీదా, మున్సిపల్ బడుల మీదా పెట్టే పలకల ఆదాయంలో కొంత అద్దె ఇళ్ళ వీధుల్లో నీడకి, చల్లటి కప్పు రంగుకి, మంచినీళ్ళకి వెళ్తే, ఎండ అందరిదీ అన్న మాటకి కాస్త అర్థం వస్తుంది.

మూడో గడిలో, ఎవరు ఎత్తారు. చెత్త వేరుచేసినవాళ్ళు ఎంతమంది, వాళ్ళకి జీతం ఏ తారీకున పడింది, తొడుగులు ఎన్ని, ఎండాకాలం పని గంటలు మార్చారా. ఈ గడి ఖాళీగా ఉంచి మొదటి గడిలో ఎంత తగ్గిందని చెప్పినా చప్పట్లు కొట్టకూడదని పాలకవర్గం తీర్మానం చేసుకోవచ్చు. చట్టంలో దానికి అడ్డమేమీ లేదు.

ఇట్లా రాస్తే సున్నా ఆలస్యం కాదా అని ఒక కుర్రాడు అడిగాడు నన్ను. “భూమి కాలిపోతా ఉంటే మీరు గళ్ళు గీసుకుంటా కూర్చుంటారా సార్?” న్యాయమైన కోపమే. నా జవాబు ఇది. దాచిపెట్టిన భారం ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది, అప్పుడు ఆ భారం మోసినవాళ్ళు మొత్తం పనికే ఎదురు తిరుగుతారు. చెత్త పన్ను విషయంలో కొంత జరిగిందదే. ముందే పంచుకున్న భారం నెమ్మదిగా కదిలినా వెనక్కి పోదు. అదీగాక, ఎవరి వల్ల ఎంతో తెలీకుండా తగ్గించడం మొదలుపెడితే చేతికందినవాళ్ళ దగ్గరే తగ్గిస్తాం. చేతికందేది ఎప్పుడూ బలహీనుడే. కట్టెల పొయ్యి మీద కేసు రాయడం తేలిక, రాత్రి ఏసీ మీద రాయలేం.

ఇందులో మా ఊరు ప్రపంచానికి తగ్గించే పొగ ఎంతన్నది నాకు పెద్ద ప్రశ్న కాదు. ఇంత పెద్ద మార్పు ఒకటి ఊరి మీదికి వస్తున్నప్పుడు, ఊళ్ళో ఉన్న మనుషులు ఒకరికొకరు ఎంత బాకీ ఉన్నారో ఎదురెదురుగా కూర్చుని చూసుకోగలిగే చోటు మున్సిపల్ సమావేశం హాలొక్కటే. ఢిల్లీకి, గ్లాస్గోకి ఆ వసతి లేదు. అక్కడివాళ్ళకి తోపుడు బండి ఆమె చెయ్యి కనబడదు. ఇక్కడ కనబడుతుంది గనకే ఇక్కడివాళ్ళకి చెల్లుకు చెల్లు అనే సౌకర్యం లేదు.